హామీల రిజిస్టరులో రెండో నంబరు

మా నాన్న ఉద్యోగం ఏమిటో నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా సరిగ్గా తెలియదు. స్కూల్లో ఎవరైనా అడిగితే "అసెంబ్లీలో" అని చెప్పేదాన్ని. పిల్లలు ఎమ్మెల్యే కాబోలు అనుకునేవాళ్ళు. నేనూ కాదనేదాన్ని కాదు. నిజానికి ఆయన హైదరాబాద్‌లో శాసనసభ సచివాలయంలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. అందులోనూ చాలా ఏళ్ళు హామీల కమిటీ విభాగంలోనే గడిపాడు. మంత్రులు సభలో లేచి నిలబడి రోడ్డు వేయిస్తామనీ, విచారణ జరిపిస్తామనీ అంటూ ఉంటారు కదా, ఆ మాటలన్నీ సభ రికార్డులోంచి ఏరి ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఏ శాఖ ఏది చేసిందో, ఏది చేయలేదో కనుక్కుంటూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాయాలి. అదీ ఆయన పని. కొన్ని హామీలు మంత్రులు మారినా, ప్రభుత్వాలు మారినా ఆ పుస్తకంలోనే ఉండిపోయేవట. తనకంటే ముందు సర్వీసులో చేరిన హామీలు కూడా ఉన్నాయని నవ్వేవాడు.

ఇదంతా ఆయన నాకు వివరంగా చెప్పింది అమెరికాలో, మా అపార్ట్‌మెంట్ వంటింట్లో నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే. రెండువేల ఏడులో మొదటిసారి వచ్చాడు. చెల్లి పురుడని అమ్మ హైదరాబాద్‌లోనే ఆగిపోయింది.

అప్పుడు మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌కి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న టౌన్‌షిప్‌లో, అంటే తన మేయరూ కౌన్సిలూ తనకున్న చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా కాంప్లెక్స్‌లో సగానికి సగం తెలుగువాళ్ళే. రోడ్డుకి అవతల నేను పనిచేసే మందుల కంపెనీ. మా బాల్కనీలోంచి చూస్తే నా ఆఫీసు కిటికీ కనిపించేది. అయినా నేను రోజూ కార్లోనే వెళ్ళేదాన్ని. నడవడానికి దారి లేదు మరి. కార్లు దూసుకుపోయే రోడ్డు, దాని పక్కన జానెడు తెల్లగీత, ఆ పక్కనుంచే మొదలయ్యే కంపెనీ పచ్చిక, దాని మీద తిరిగే బాతులు. ఎదురుగా కనిపించే చోటికి చేరడానికి సీటు బెల్టు పెట్టుకుని, సిగ్నల్ దగ్గర ఎడమకి తిరిగి, గేటు దగ్గర కార్డు చూపించి, పార్కింగ్‌లో చోటు వెతుక్కోవాలి. నేను అలవాటుపడిపోయాను. నాన్నకి మాత్రం అది ఎన్ని రోజులకీ అర్థం కాలేదు.

కంపెనీ పచ్చిక దాటితే లైబ్రరీ. నడిస్తే పదిహేను నిమిషాలు. అక్కడ కిటికీ పక్కన ఒక బల్ల, కర్రలకి తగిలించిన నాలుగు రకాల పేపర్లు, ఎంతసేపు కూర్చున్నా లేవమని అనని మనుషులు. నాన్నకి అమెరికా అంటే అదే. మేమిద్దరం ఆఫీసులకి వెళ్ళగానే ఆ పచ్చిక అంచు మీదుగా నడిచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఎవరో ఫోన్ చేశారు, ఒక ముసలాయన రోడ్డు పక్కన తిరుగుతున్నాడని. పోలీసు కారు వచ్చి ఆయన్ని ఎక్కించుకుని మా కాంప్లెక్స్ ముందు దింపింది. కిటికీల వెనక నుంచి అందరూ చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం ఆ పోలీసు ఎంత మర్యాదగా మాట్లాడాడో వారం రోజులు చెప్పాడు.

"రోడ్డు మీద నడవడం నేరమా అని అడిగానమ్మా. నేరం కాదు, ప్రమాదం అన్నాడు. మరి నడిచేవాడికి దారేదీ అన్నాను. అది మేయర్‌ని అడగమన్నాడు."

అడిగే అవకాశం కూడా వచ్చింది. ఆ ఏడు మేయర్ ఎన్నిక. మా తెలుగు సంఘం ఏదో పండగ పేరుతో స్కూలు కెఫెటేరియాలో భోజనాలు పెట్టింది. పులిహోర ట్రేలు, పిల్లల డాన్సులు, పోడియం మీద మైకు. మేయర్‌గా పోటీ చేస్తున్నాయన వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, నిజంగానే మంచివాడిలా ఉన్నాడు. వచ్చినవాడిని శాలువా కప్పకుండా వదలం కదా మనం. ఇంకా గెలవనైనా లేదు, అప్పుడే శాలువా, జ్ఞాపిక, ఫోటోలు. ఆ హాల్లో మూడొందల మంది ఉంటే ఓటు హక్కున్నవాళ్ళు ముప్పై మంది ఉంటారేమో. మిగతా అందరం వీసాల మీద ఉన్నవాళ్ళం. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో గానీ మనసారా మాట్లాడాడు. ఇక్కడి తల్లిదండ్రులు రోడ్డు అంచున నడుస్తున్నారని విన్నాననీ, అది తనకి బాధగా ఉందనీ అన్నాడు. గెలిచిన మొదటి ఏడాదిలోనే ఈ అపార్ట్‌మెంట్ల నుంచి లైబ్రరీ దాకా ఫుట్‌పాత్ వేయిస్తానని మాటిచ్చాడు. చప్పట్లు ఆగలేదు.

ముందు వరసలో నాన్న చెయ్యెత్తాడు. చేతిలో చిన్న నోట్‌బుక్.

"అయ్యా, దయచేసి ఆ చివరి వాక్యం మళ్ళీ చెప్పగలరా? ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి," అని ఇంగ్లీషులో అడిగాడు, సచివాలయం ఇంగ్లీషులో.

నేను నేల చూపులు చూశాను. అభ్యర్థి పెద్దగా నవ్వి, వేదిక దిగి వచ్చి, డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో మాటా చెప్పాడు. నాన్న రాసుకుని, చదివి వినిపించి, "సరిగ్గా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాడాయన. చేతులు కలిపారు. ఆ ఫోటో కూడా ఎవరో తీశారు.

మర్నాడు నాన్న నా చేత ఒక పొడుగు పుస్తకం కొనిపించి, స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. క్రమసంఖ్య, హామీ, ఇచ్చినవారు, సందర్భం, స్థితి, రిమార్కులు. ఒకటో నంబరు కింద ఫుట్‌పాత్ ఎక్కించాడు.

"ఇక్కడ ఇలాంటివి ఏ ఆఫీసులో చూస్తారు?" అని అడిగాడు.

"ఎలాంటివి?"

"ఇచ్చిన హామీలు. ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలిగా."

అలాంటి ఆఫీసు లేదు, మళ్ళీ ఎన్నికల్లో జనమే చూసుకుంటారన్నాను. నాలుగేళ్ళ దాకా జనానికి గుర్తుంటుందా అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగా తెలుసుకుందామనే.

ఆ అభ్యర్థి గెలిచాడు. నాన్న ఇండియా వెళ్ళిపోయాడు. నేను ఫుట్‌పాత్ సంగతి మర్చిపోయాను, ఒట్టు.

రెండువేల తొమ్మిది వేసవిలో నాన్న మళ్ళీ వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే మా రోడ్డు మీదికి తిరగగానే కిటికీ అద్దం దించి బయటికి చూశాడు. అదే తెల్లగీత, అదే పచ్చిక, అవే బాతులు. ఇంటికొచ్చి స్నానం చేసి, కాఫీ తాగి, "ఆ రిజిస్టరు ఎక్కడ పెట్టావమ్మా?" అన్నాడు.

అప్పటికి మా కంపెనీలో రెండు విడతలు మనుషుల్ని తీసేశారు. పక్క క్యూబికల్లో తమిళావిడ ఒక శుక్రవారం అట్టపెట్టెలో ఫోటోలు సర్దుకుని వెళ్ళిపోయింది. నాది హెచ్ వన్ వీసా. గ్రీన్ కార్డు కాగితాలు కంపెనీ వేసింది, సగంలో ఉన్నాయి. ఉద్యోగం పోతే కాగితాలూ పోతాయి. మా ఆయన ఉద్యోగం కాంట్రాక్టుది, తన పని పర్మిట్ కూడా నా గ్రీన్ కార్డు కాగితాల మీద వచ్చిందే. ఆ ఏడాదంతా నేను ఆఫీసులో ఎవరైనా "ఒక నిమిషం మాట్లాడాలి" అంటే చాలు నాకూ అట్టపెట్టె వచ్చిందనుకుంటూ బతికాను.

నాన్న టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి క్లర్కు, తెల్లజుట్టు పెద్దావిడ. ఇద్దరికీ మొదటిరోజే కుదిరింది. ఒక గుమాస్తా బాధ ఇంకో గుమాస్తాకే తెలుస్తుంది కాబోలు. కౌన్సిల్ సమావేశాల మినిట్స్ ఎవరైనా చూడొచ్చట. పాత ఫైళ్ళు కావాలంటే ఒక కాగితం నింపి ఇస్తే చాలట. పౌరుడివా, ఏ వీసా మీద వచ్చావు, నీకెందుకు అని అడగరట. నాన్న మొహం ఆ సాయంత్రం వెలిగిపోయింది. మన దగ్గర ఒక ఫైలు బయటికి రావాలంటే ఎంతమందికి దండాలు పెట్టాలో ఆయనకంటే తెలిసినవాళ్ళు ఎవరు?

వారంలో ఆయనకి కథ దొరికింది. ఫుట్‌పాత్ ప్రతిపాదన నిజంగానే వచ్చింది, మొదటి ఏడాదిలోనే. మాటిచ్చినాయన మాట మీద నిలబడబోయాడు. ఆ దారి కంపెనీ స్థలం అంచు మీదుగా పోవాలి. కంపెనీ లాయర్లు ఉత్తరం రాశారు. భద్రత, ఎవరైనా జారిపడితే బాధ్యత, చెట్ల వేళ్ళు. దాని బదులు లైబ్రరీ ముందు రెండు బెంచీలూ ఒక పూలమడీ ఇస్తామన్నారు. కౌన్సిల్ ధన్యవాదాలు తెలిపింది. ఫుట్‌పాత్ విషయం "మరింత అధ్యయనం" కోసం పంపింది.

"మరింత అధ్యయనం," అని నాన్న చదివి, చిన్నప్పటి స్నేహితుడు ఎదురుపడ్డట్టు నవ్వాడు. "ఇది ఇక్కడ కూడా ఉందన్నమాట."

తర్వాత మా ఆయన కంప్యూటర్లో ఇంకోటి చూపించాడు. ఎన్నికల్లో ఎవరెవరికి ఎవరు చందా ఇచ్చారో రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటుంది. మా మేయర్ పేరు కొట్టగానే జాబితా వచ్చింది. అందులో మా కంపెనీ ఉంది, దాని లాయర్ల ఆఫీసు ఉంది. ఓడిపోయినాయన పేరు కొడితే అక్కడా ఉన్నారు, అదే నెలలో.

"ఓడిపోయేవాడికెందుకిచ్చారు?" అన్నాడు నాన్న.

"ఎవరు గెలిచినా ఫోన్ ఎత్తాలిగా మామయ్యా," అన్నాడు మా ఆయన.

"ఇది తప్పు కదూ?"

"కాదండీ. అంతా లీగలే. అందుకే పబ్లిగ్గా పెట్టారు."

నాన్న మూడురోజులు ఆ కంప్యూటరు వదల్లేదు. దాచినదేదో ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. పేరు, చిరునామా, తేదీ, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మన దగ్గర ఇలాంటి కాగితం బయటపడితే సభ రెండురోజులు ఆగిపోతుంది. ఇక్కడ ముందే బయట పెట్టేశారు. మరి చూసినవాళ్ళు చూశాక ఏం చేస్తారు?" అన్నాడు.

నేను లేచి అన్నం పొయ్యి మీద పెట్టాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన చేతిలో మా సంఘం పండక్కి వేసే సంచిక, సావనీరు ఉంది. ఇంట్లో ఏ కాగితం ఉన్నా చదివేస్తాడు. వెనక అట్ట మీద నిండా మా కంపెనీ ప్రకటన, తెలుగువారికి శుభాకాంక్షలతో.

"ఇది ఎవరు తెచ్చారు?"

"నేనే," అన్నాను. నిజానికి ఆ ప్రకటన సంపాదించినందుకు నాకు సంఘంలో పెద్ద పేరొచ్చింది. కంపెనీలో స్థానిక సంబంధాలు చూసే ఒకావిడ ఉండేది, ఎప్పుడూ ముత్యాల గొలుసు వేసుకునే మనిషి. ఆవిడకి ఒక్క మెయిల్ పెట్టానంతే. వెంటనే సరేనంది. అప్పటినుంచి సంఘం సమావేశాల్లో ఫుట్‌పాత్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తొద్దని కంపెనీ అడగలేదు. మేమే మర్చిపోయాం.

"వాళ్ళేమీ అడగలేదా?"

"లేదు నాన్నా. అన్నిటికీ అలా అర్థాలు తియ్యకు."

విసురుగానే అన్నాను. ఆయన సావనీరు జాగ్రత్తగా మూసి పక్కన పెట్టి, పప్పు కొంచెం వెయ్యమన్నాడు.

కౌన్సిల్ సమావేశంలో చివర జనం మాట్లాడడానికి సమయం ఇస్తారు. మనిషికి మూడు నిమిషాలు. పేరూ చిరునామా చెప్పి ఏదైనా అడగొచ్చు. నువ్వే అడుగు, నీ ఇంగ్లీషు నాకంటే బాగుంటుంది అన్నాను నాన్నతో, ఇంకో రాత్రి భోజనాల దగ్గర. ఆయన ఒప్పుకోలేదు.

"నేను గ్యాలరీలో కూర్చునేవాణ్ణమ్మా. ఆరునెలలు ఉండి పోయేవాణ్ణి. సభలో సభ్యులు అడగాలి. ఇక్కడ ఉండేదీ, పన్ను కట్టేదీ నువ్వు. నువ్వడిగితే రికార్డులోకి ఎక్కుతుంది."

"సరే, నేనే అడుగుతాలే," అన్నాను. నేనే అన్నాను. ఆయన బలవంతం చేయలేదు.

ఆ మంగళవారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిజిస్టరు సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర కాగితం మీద మాట్లాడదలచినవాళ్ళు పేరు రాయాలి. రాశాను. లోపలికి వెళ్ళి కూర్చున్నాక చూస్తే ముందు వరసలో ముత్యాల గొలుసు. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను గుర్తుపట్టి, ఎంతో ఆప్యాయంగా చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ క్షణం నుంచి నాకు సభలో ఏం జరిగిందో సగమే గుర్తుంది. ఒకాయన చెత్త బళ్ళ గురించి మాట్లాడాడు. ఒకావిడ కుక్కల గురించి. మేయర్ ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు చెప్పాడు. తెల్లజుట్టు క్లర్కు నా పేరు చదివింది, తడబడుతూ, రెండుసార్లు.

నేను లేవలేదు. చెయ్యి కొంచెం ఎత్తి, వద్దన్నట్టు ఊపాను. క్లర్కు నావైపు చూసింది, తర్వాత నాన్నవైపు చూసింది, తర్వాతి పేరు చదివింది.

ఇంటికి వస్తూ నాన్న వేరే సంగతులే మాట్లాడాడు. సభ అనుకున్న నిమిషానికి మొదలైందని, జెండాకి వందనం బాగుందని. "ఆ మేయరు గట్టివాడు. అందరికీ ధన్యవాదాలన్నాడు. ఒక్కరికి కూడా హామీ ఇవ్వలేదు. రెండేళ్ళలో నేర్చుకున్నాడు," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వీసా, లేఆఫ్‌లు, గ్రీన్ కార్డు అంటూ నేను మనసులో జవాబులన్నీ వరసగా పేర్చుకుని కూర్చున్నాను. ఆయన అడగలేదు కాబట్టి అవన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

వెళ్ళేముందు సూట్‌కేసు సర్దుతుంటే రిజిస్టరు బయటికి తీసి పెట్టాడు.

"తీసుకెళ్ళవా?"

"ఇక్కడి రికార్డు ఇక్కడే ఉండాలమ్మా."

ఆయన విమానం ఎక్కిన మర్నాడు దాన్ని తెరిచాను. ఒకటో నంబరు పూర్తిగా నింపి ఉంది. మాటలు, తేదీ, మినిట్స్ పేజీలు, లాయర్ల ఉత్తరం, బెంచీలు. స్థితి అన్న గడిలో "పెండింగ్". దాని కింద, అదే గుండ్రటి అక్షరాల్లో, రెండో నంబరు ఉంది. హామీ: ఫుట్‌పాత్ విషయం కౌన్సిల్‌లో లేవనెత్తుట. ఇచ్చినవారు: స్థానిక నివాసి. సందర్భం: ఇంట్లో, భోజనాల దగ్గర. స్థితి: పెండింగ్.

నా పేరు కూడా రాయలేదు. మంత్రులని పేరుతో కాకుండా హోదాతోనే రాసేవాడట, ఆ మర్యాదే నాకూ ఇచ్చాడు. చదివి ఏడ్చాను. సిగ్గుతోనూ ఏడ్చాను, కోపంతోనూ. ఆయనకేం, ఉద్యోగం చేసి పెన్షన్ తీసుకుంటున్నాడు అనిపించింది.

ఆ కోపంతోనే ఫోన్ చేశాను. "పెండింగ్ అని ఎందుకు రాశావు? చెయ్యలేదు అని రాయొచ్చుగా?"

"మా రిజిస్టర్లో అలాంటి గడి లేదమ్మా. నెరవేరింది, పెండింగ్, వదిలేశాం. మూడే."

"అయితే వదిలేశాం అని రాస్తాను."

"రాయొచ్చు. కానీ వదిలెయ్యాలంటే శాఖవారు కారణం రాసి పంపాలి. కమిటీ ఒప్పుకోవాలి. రిమార్కుల్లో కారణం రాయి. నేను చూస్తాను."

కారణం రాయడానికి కూర్చున్నాను. "ఉద్యోగ భయం" అని పెన్సిల్‌తో రాశాను. చదువుకున్నాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ దాని పైన, ఒకటో నంబరు రిమార్కుల్లో, మేయర్ గురించి నాన్న రాసింది కూడా ఉంది: "కంపెనీ అభ్యంతరం". ఆ రెండు గళ్ళూ ఒకదాని కింద ఒకటి చూశాక నాకు మొదటిసారి ఆ పొడుగాటి ఎర్రటి మనిషి మీద జాలేసింది. ఆయన కూడా శాలువా కప్పుకున్న సాయంత్రం నిజంగానే చేద్దామనుకుని ఉంటాడు. తర్వాత ఎవరో ముందు వరసలోంచి ఆప్యాయంగా చెయ్యి ఊపి ఉంటారు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆయన్నీ బెదిరించి ఉండరు. పెన్సిల్‌తో రాసింది చెరిపేశాను.

అయినా లేచి నిలబడడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఫిబ్రవరిలో, మంచు పడి రోడ్డు అంచు కూడా మూసుకుపోయిన రోజుల్లో, ఒక్కదాన్నే వెళ్ళాను. ముత్యాల గొలుసు ఆవిడ ముందు వరసలోనే ఉంది. క్లర్కు నా పేరు ఈసారి తడబడకుండా చదివింది. మైకు దగ్గరికి వెళ్ళి రిజిస్టరు తెరిచాను. రెండేళ్ళ కిందట కెఫెటేరియాలో మేయర్ చెప్పిన వాక్యం అందులో ఉన్నది ఉన్నట్టు చదివి, అది ఎంతదాకా వచ్చిందని అడిగాను. మూడు నిమిషాల్లో ఒకటి కూడా అయిపోలేదు. మేయర్ నా చేతిలో ఉన్న రిజిస్టరు వైపు చూశాడు. "ఆ పెద్దమనిషి నాకు గుర్తున్నారు," అన్నాడు. తర్వాత, వచ్చే వసంతంలోగా అధ్యయనం నివేదిక కౌన్సిల్ ముందు పెట్టిస్తానన్నాడు.

నా ఉద్యోగం పోలేదు. మరుసటి ఏడు సావనీరు వెనక అట్ట మీద మాత్రం కంపెనీ ప్రకటన రాలేదు. ఇళ్ళు అమ్మిపెట్టే ఒక రియల్టర్ నవ్వుమొహం వచ్చింది. కారణం నాకు తెలియదు, నేను అడగలేదు. ఫుట్‌పాత్ చాలా ఏళ్ళకి సగం దాకా వచ్చింది, కంపెనీ ఆ స్థలంలో కొంత అమ్మేసి అక్కడ టౌన్‌హౌసులు లేచినప్పుడు. వాటి ముందు వరకే వేశారు. ఆ తర్వాత మళ్ళీ పచ్చిక.

ఆ ఫిబ్రవరి రాత్రి, కౌన్సిల్ నుంచి ఇంటికి రాగానే హైదరాబాద్‌కి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. అడిగాను నాన్నా, అన్నాను. ఆయన భేష్ అనలేదు, సంతోషం అనలేదు.

"ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. అటువైపు పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"వసంతంలోగా అన్నాడా? అయితే అది హామీయే. మూడో నంబరు వేసి ఎక్కించు," అన్నాడు. "రెండోదాని ఎదురుగా నెరవేరింది అని రాసి, తేదీ వెయ్యమ్మా. నా సర్వీసంతా కలిపి ఆ మాట చాలా తక్కువసార్లు రాశాను."